గొడవ చేయని తేదీలు

ఫిబ్రవరి మొదటి సోమవారం ఉదయం ఫార్ములా గారి ప్లాను చాలా చిన్నది. పదకొండింటికల్లా ఆ ఏడాది రిటైరయ్యేవాళ్ళ జాబితా తీయాలి, భోజనానికి ముందే నోటీసులు సంతకానికి పెట్టాలి, నాలుగింటికి బయటపడి భార్యను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మూడూ అనుకున్నట్టే జరిగాయి. ఆ రోజు కళ్ళు చూపించుకోవలసింది భార్య కాదని మాత్రం ఆయనకు నెలాఖరుకు గాని తెలియలేదు.

ఆయన నీటి సరఫరా కార్యాలయంలో సిబ్బంది విభాగానికి సూపరింటెండెంట్. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. నాలుగేళ్ళ కిందట రెండువందల పన్నెండు మంది ఉద్యోగుల వివరాలూ ఒక షీటులోకి ఎక్కించి, పుట్టిన తేదీకి ఏడువందల ఇరవై నెలలు కలిపి, ఆ నెల చివరి రోజును దానంతటదే చూపించే ఫార్ములా ఒకటి రాశాడు. అరవై నిండిన నెల ఆఖరి రోజున ఎవరైనా సరే ఇంటికి వెళ్ళాలి, అదీ నియమం. ఆ షీటు పుట్టిననాటి నుంచి ఆయన ఫార్ములా గారయ్యాడు. వచ్చే నెల పదో తేదీ ఏ వారమని ఎవరైనా అడిగితే, గోడమీద క్యాలెండర్ తన నెత్తినే వేలాడుతున్నా కంప్యూటర్ తెరిచి చెప్పేవాడు.

అంతకుముందు ఈ పనికి వారం రోజులు పట్టేది. ఆ వారం అంతా రికార్డు గదిలోనే. ప్రతి ఉద్యోగికీ అక్కడ ఒక సర్వీసు రిజిస్టర్ ఉంటుంది, దాని మొదటి పేజీలో పుట్టిన తేదీ ఒకసారి అంకెల్లో, ఒకసారి అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ గదిని చూసుకునే రికార్డు కీపర్‌ను ఆఫీసంతా అక్కయ్య అనేది. ఆయన ఇరవై నాలుగేళ్ళ వయసులో కొత్తగా చేరినప్పుడు రిజిస్టర్ ఎలా చదవాలో నేర్పింది ఆవిడే. ఆవిడ బీరువాలోంచి ఒక్కో రిజిస్టరూ తీసి ఇవ్వడం, ఆయన చూసి రాసుకోవడం, మధ్యలో ఫ్లాస్కులోని టీ ఇద్దరూ పంచుకోవడం, ఆ టీ మీద ఇంట్లో సంగతులన్నీ చెప్పుకోవడం, ఇలా గడిచేది. షీటు వచ్చాక ఆయన ఆ గదికి వెళ్ళడం మానేశాడు. కోపం వచ్చి కాదు. పని లేదు, అంతే. మెట్ల మీద ఎదురుపడితే బాగున్నారా అక్కయ్యా అనేవాడు, ఆవిడ బాగున్నాను తమ్ముడూ అనేది. నాలుగేళ్ళు ఆ రెండు మాటల మీదే నడిచాయి.

జనవరిలో ఆయన పాత కంప్యూటర్ ప్రాణం విడిచింది. కొత్తది వచ్చింది. పేర్లూ తేదీలూ తెచ్చి అందులో పోసేసరికి తేదీల వరుస చూడ్డానికి అసహ్యంగా తయారైంది. కొన్ని గడికి ఎడమవైపు అతుక్కున్నాయి, కొన్ని కుడివైపు. ఎడమవైపున్న నూట ముప్పై నాలుగింటి ఎదురుగా రిటైర్మెంట్ తేదీకి బదులు ఎర్రర్ అని వచ్చింది. ఎందుకొచ్చిందని ఆయన అడగలేదు. రెండు రోజులు నడుం వంచి ఆ నూట ముప్పై నాలుగు తేదీలనూ నెల పేరు అక్షరాల్లో పెట్టి మళ్ళీ కొట్టాడు, గుర్తుగా వాటికి పసుపు రంగు వేశాడు. మిగతా డెబ్బై ఎనిమిదీ ఏ గొడవా చేయలేదు కాబట్టి వాటి జోలికి పోలేదు. చివరగా వరుస మొత్తాన్ని గడుల మధ్యకు జరిపాడు. అన్నీ ఒక్క తీరున నిలబడ్డాయి. ఆ ముచ్చట చూసుకుని ఆ పూట ఇంకో టీ తాగాడు.

ఆ సోమవారం తీసిన జాబితాలో మొట్టమొదటి పేరు అక్కయ్యది. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది. ఫార్ములా గారి మనసు కలుక్కుమంది. అప్పుడే అరవై ఏళ్ళా అనుకున్నాడు. నమ్మలేక షీటును మూడుసార్లు మూసి తెరిచాడు. ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగితే షీటు మూడుసార్లూ ఒకే జవాబు చెబుతుంది. ఆయన దాన్ని సరిచూసుకోవడం అనుకున్నాడు. నోటీసు తయారైంది, సంతకమైంది, రెండింటికల్లా రికార్డు గదికి చేరింది.

మూడింటికి అక్కయ్య ఆ కాగితం పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. ఆవిడ మేడ దిగి రావడమే అరుదు. ఆయన లేచి కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఇది నువ్వే చూశావా తమ్ముడూ?"

"మూడుసార్లు చూశాను అక్కయ్యా. నాకూ నమ్మబుద్ధి కాలేదు."

ఆవిడ ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. ఇంకేదో అంటుందని ఆయన ఎదురుచూశాడు. "నువ్వే చూశావంటే ఇంకేముంది," అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి వెళ్ళిపోయింది. ఎంత నిబ్బరం గల మనిషి అని ఆయన మెచ్చుకున్నాడు. కన్నీళ్ళు పెట్టుకుంటే ఏం చేయాలా అని లోపల బెంగపడిన మాట నిజం. ఆ గండం తప్పినందుకు ఊపిరి పీల్చుకున్నాడు కూడా.

కళ్ళ డాక్టరు దగ్గర వరుసలో కూర్చున్నప్పుడు ఈ సంగతి భార్యకు చెప్పాడు. ఆవిడకు వింతగా తోచింది. నెల కిందట కూరగాయల దగ్గర కలిసినప్పుడు అక్కయ్య ఈ ఏడాదంతా ఉంటానని చెప్పిందట. ఆఖరి రెండు బీరువాల కాగితాలకు పట్టిక రాయడం మిగిలిందని, డిసెంబర్లోపు అది పూర్తి చేసి తాళాలు ఇచ్చేస్తానని అందట. ఒక్కసారి వెళ్ళి అడగకూడదా అంది భార్య. మనుషులు మర్చిపోతారు, షీటు మర్చిపోదు అన్నాడాయన. ఇంతలో లోపలికి పిలిచారు. భార్య మాట ఆయన చెవిన పడింది గాని తలకు ఎక్కలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది ఒక నోటీసు కథ. కాని ఆఫీసరు గారికి ఎన్నాళ్ళుగానో ఒక కోరిక ఉంది. భవనం మొత్తంలో రెండు పెద్ద కిటికీలున్న గది రికార్డు గది ఒక్కటే, దాన్ని మీటింగ్ హాలు చేయాలి. అక్కయ్య ఉన్నంతకాలం ఆ మాట ఎత్తడానికి ఆయనకు మొహం చెల్లలేదు. నోటీసు మీద సంతకం పెడుతూనే ఆయన ముఖం విప్పారింది. ఆవిడ పోస్టులో కొత్తగా ఎవరినీ వేయబోమనీ, తేదీలన్నీ షీటులో ఉన్నాయి కాబట్టి రిజిస్టర్లు చేతికి అందేచోట ఉండనక్కర్లేదనీ, వాటిని ఊరి చివర పంపుహౌస్ గోదాముకు తరలించాలనీ అప్పటికప్పుడు ఉత్తర్వు రాయించాడు. తేదీలు షీటులో ఉన్నాయా అని ఆయన అడిగినప్పుడు ఉన్నాయి సార్ అని నిటారుగా నిలబడి చెప్పింది ఫార్ములా గారే.

మూడోవారంలో లారీ వచ్చింది. ముప్పై ఏళ్ళుగా అక్షర క్రమంలో నిలబడ్డ రిజిస్టర్లూ, బీరువాల్లోని పాత కాగితాలూ చేతికందినట్టు గోనె బస్తాల్లోకి దిగాయి. ఒక్కపూట గడువిస్తే ఏ బస్తాలో ఏముందో నంబరు వేసి రాస్తానని అక్కయ్య అడిగింది. లారీ ఆగదన్నాడు ఆఫీసరు. ఫార్ములా గారు వరండాలో నిలబడి అంతా చూస్తూనే ఉన్నాడు. నిజానికి లారీ సాయంత్రం దాకా ఆగేదే, డ్రైవరు నీడన పడుకుని నిద్రపోతున్నాడు. సార్, ఒక్కపూట ఇద్దాం అనడానికి ఎంతసేపు పడుతుంది. ఆయన నోరు మాత్రం పెగల్లేదు. నూట నలభై బస్తాలు వెళ్ళాయి. మర్నాడే మేస్త్రీ వచ్చి పక్క గదికీ దానికీ మధ్య గోడ పడగొట్టాడు. అక్కయ్య మిగిలిన వారం రోజులూ ఆ దుమ్ములో ఒక స్టూలు వేసుకుని, పది నుంచి ఐదు వరకు, తాళం వేయడానికి తలుపు కూడా లేని గదిలో కూర్చుంది.

ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం వీడ్కోలు సభ. పూలగుచ్ఛం, గోడ గడియారం, వేదిక మీద నాలుగు కుర్చీలు. అక్కయ్య సేవాకాలం చదివే బాధ్యత సహజంగానే ఫార్ములా గారిది. ముప్పై నాలుగు సంవత్సరాల ఐదు నెలల పదకొండు రోజులు అని షీటు నుంచి తీసి రాసుకొచ్చాడు. మైకు ముందుకు వెళ్ళబోతుండగా అక్కయ్య తన సంచీలోంచి ఒక రిజిస్టర్ తీసి ఆయన చేతిలో పెట్టింది. పింఛను కాగితాలకు అవసరమని అది ఒక్కటీ బస్తాలో వేయకుండా ఉంచానంది. ఆయన పాత అలవాటు కొద్దీ మొదటి పేజీ తెరిచాడు. పుట్టిన తేదీ, అంకెల్లో: 02/12. దాని కింద అక్షరాల్లో, పాత సిరా రంగు వెలిసినా గుండ్రంగా, స్పష్టంగా: డిసెంబరు నెల రెండవ తేదీ.

ఆ పేజీ తెరిచి పట్టుకునే ఆయన మైకు ముందుకు నడిచాడు. షీటులో ఉన్నది ఫిబ్రవరి పన్నెండు. మైకు ముందున్న మనిషి నోరు తెరిచి మూయడం చూసి, దుఃఖంతో గొంతు పూడుకుపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేలోపు నిజం చెప్పడానికి ఆయనకు బోలెడు వ్యవధి ఉంది. ఆగండి, ఈ సభ పది నెలలు తొందరపడింది అంటే సరిపోయేది. ముందువరుసలో ఆఫీసరు, వెనక హాలు పని పట్టిన గుత్తేదారు, మేడమీద పడిపోయిన గోడ. ఆయన ముప్పై నాలుగు సంవత్సరాల ఐదు నెలల పదకొండు రోజులు అని చదివి కూర్చున్నాడు. ఫొటో దిగారు. ఆఫీసు జీపు అక్కయ్యనూ గడియారాన్నీ ఇంటి దగ్గర దించి వచ్చింది. తన జీవితంలో అంత పిరికి సాయంత్రం ఇంకొకటి లేదని ఆయన తర్వాత భార్యతో ఒప్పుకున్నాడు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికే వెళ్ళి షీటు ముందేసుకుని కూర్చున్నాడు. పసుపు రంగు లేని డెబ్బై ఎనిమిది తేదీలనూ ఒక్కొక్కటిగా చదివాడు. ఆ డెబ్బై ఎనిమిది మందిలో ఒక్కరంటే ఒక్కరు కూడా పన్నెండో తేదీ దాటాక పుట్టలేదు. అప్పుడు అర్థమైంది. కొత్త కంప్యూటర్ నెలను ముందు, రోజును వెనక చదివే రకం. ఇరవై ఐదో తేదీ కనపడితే ఇరవై ఐదో నెల లేదు కాబట్టి ఎర్రర్ అని మొత్తుకుంది. రెండో తేదీ, పన్నెండో నెల కనపడితే మాత్రం రెండో నెల, పన్నెండో తేదీ అని చదువుకుని హాయిగా ఊరుకుంది. మొత్తుకున్నవాటిని ఆయన సరిచేశాడు. అసలు తిరగబడినవి మాట్లాడనివే. చదవలేనివాటిని ఎడమకూ, తిప్పి చదివినవాటిని కుడికీ నెట్టి షీటు చేతనైనంతవరకు చెప్పింది కూడా. అందం కోసం ఆ ఒక్క ఆనవాలునూ తన చేత్తోనే మధ్యకు జరిపేశాడు.

జాబితాలో ఇంకా కిందికి వెళితే ఆఫీసరు గారి పేరు తగిలింది. ఆయనకూ ఈ ఏడాదే అరవై. పుట్టింది షీటు ప్రకారం అక్టోబర్ ఒకటి. తిప్పి చదివితే జనవరి పది. అంటే ఆయన జనవరి ముప్పై ఒకటినే ఇంటికి వెళ్ళవలసిన మనిషి. ఫార్ములా గారు కాసిని మంచినీళ్ళు తాగి, రిజిస్టర్ చంకన పెట్టుకుని ఆఫీసరు గదిలోకి వెళ్ళి, అక్కయ్య విషయం చెప్పి, వెనక్కి పిలవాలన్నాడు.

"ఆవిడకు లేని బాధ నీకెందుకయ్యా?" అన్నాడు ఆఫీసరు. "సభ అయిపోయింది. గోడ కూడా పడిపోయింది."

"సార్, మీ తేదీ కూడా తిరగబడింది."

ఆఫీసరు లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాక గొంతు తగ్గించి, "నా పుట్టినరోజు నాకు తెలీదా? జాబితాలో అక్టోబర్ అని చూశాను. నీలాంటివాడు లెక్క వేశాక కాదనడానికి నేనెవరిని అని ఊరుకున్నాను," అన్నాడు. ఆ తర్వాత అరగంట సేపు షీటును నమ్మడంలో ఉన్న లాభాల గురించి ఎంతో చక్కగా మాట్లాడాడు. ఫార్ములా గారు నీళ్ళు నమిలి బయటికి వచ్చాడు. కాని ఆ రోజు మధ్యాహ్నమే హెడ్డాఫీసుకు జరిగింది జరిగినట్టు నాలుగు పేజీల ఉత్తరం రాసి, తప్పు నాది అని కింద సంతకం పెట్టి, తనే పోస్టాఫీసుకు నడిచి వెళ్ళి వేసి వచ్చాడు. ఆ నెలన్నరలో ఆయన చేసిన సరైన పని అదొక్కటే.

తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. ఆఫీసరు గారు జనవరి ముప్పై ఒకటినే రిటైరయ్యారు, కాబట్టి ఫిబ్రవరి ఒకటి నుంచి ఆయన సంతకం చేసిన ప్రతి ఉత్తర్వూ చెల్లదు. అక్కయ్య రిటైర్మెంట్ చెల్లదు. గోడ పడగొట్టడం చెల్లదు, కాగితాల మీద గోడ ఇంకా ఉంది. రెండు బదిలీలు చెల్లవు. సెలవు మంజూరు చేయించుకుని సముద్రం చూసివచ్చిన టైపిస్టు, చెప్పాపెట్టకుండా మాయమైన ఉద్యోగిగా తేలింది. రెండువందల పన్నెండు మంది తేదీలనూ అసలు రిజిస్టర్లతో సరిచూడాలి, ఆ పని సూపరింటెండెంట్ స్వయంగా చేయాలి. ఆఫీసరు గారు ఆ మధ్యాహ్నమే వెళ్ళిపోయాడు. ఎప్పుడో వెళ్ళిపోయిన మనిషికి వీడ్కోలు సభ ఎలా చేయాలో ఎవరికీ తోచలేదు. కొత్త మీటింగ్ హాలులో కుర్చీల మీద ప్లాస్టిక్ కాగితం ఇంకా తీయనేలేదు.

ఫార్ములా గారు ఉత్తర్వు నకలు జేబులో పెట్టుకుని అక్కయ్య ఇంటికి పరుగులాంటి నడక నడిచాడు. ఆవిడ తన చెల్లెలితో ఒక మేడమీద రెండు గదుల్లో ఉంటుంది. పదేళ్ళ తర్వాత ఆయన ఆ మెట్లు ఎక్కడం. దారి పొడుగునా ఆయన మనసు తేలికపడుతూ వచ్చింది. తప్పు చేశాడు, దిద్దాడు, పది నెలలూ తిరిగి తెచ్చి చేతిలో పెడుతున్నాడు. ఆవిడ తలుపు తీసి, కూర్చోబెట్టి, కళ్ళజోడు పెట్టుకుని ఉత్తర్వును నంబరు దగ్గర నుంచి సంతకం దాకా చదివింది. తారీఖులన్నీ సరిగ్గా ఉన్నాయంది.

"రేపు వస్తారు కదా అక్కయ్యా?"

"రాను."

గోడ మళ్ళీ కడతారని, గదికి రంగు వేయిస్తానని, బస్తాలు ఒక్కొక్కటే తెప్పిస్తానని ఆయన గబగబా చెప్పుకుపోయాడు. ఆవిడ అడ్డు రాలేదు. ఆయన ఆగాక ఉత్తర్వును మడిచి బల్ల మీద పెట్టింది.

"నాకు మొదటి రోజే తెలుసు తమ్ముడూ. అన్నేళ్ళు ఆ రిజిస్టర్లు తుడిచినదాన్ని, నా తేదీ నాకు తెలియదా?"

"మరి ఒక్క మాట అనలేదేం?"

"నువ్వే చూశావా అని అడిగాను కదా. చూశానన్నావు. చూడలేదని నాకు తెలుసు, ఆ రిజిస్టర్ నా దగ్గరే ఉంది. ఇవాళ కాకపోతే రేపు అనుమానం వచ్చి పైకి వస్తావు, రిజిస్టర్ తీయండి అక్కయ్యా అంటావు అనుకున్నాను. నెలంతా చూశాను. గోడ పడ్డాక కూడా అందుకే కూర్చున్నాను." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నువ్వే రాకపోయాక ఆ గది ఇంకెవరికి?"

నాలుగేళ్ళపాటు వారం పనిని అరగంటలో ముగిస్తున్నానని మురిసిపోయిన మనిషికి, ఆ మిగిలిన రోజులన్నీ ఎవరి దగ్గర నుంచి మిగిల్చాడో అప్పుడు తెలిసింది. సిగ్గుతో ఆయన తల వాలిపోయింది. క్షమించమన్నాడు. ఆవిడ నొచ్చుకుంటూ, తప్పు ఆయన ఒక్కడిదే కాదంది. తాను నోరు విప్పి ఒక్క ముక్క చెప్పి ఉంటే రిజిస్టర్లు బస్తాల పాలయ్యేవి కావని, పంతానికి పోయి ముప్పై ఏళ్ళ పనిని లారీ ఎక్కించుకున్నానని, ఆ బాధ తనకు పోదని అంది. పోనీ డిసెంబర్ దాకా సెలవు చీటీ అయినా రాసివ్వండి, ఆఫీసుకు రానక్కర్లేదు అని ఆయన బతిమాలాడు.

"సెలవెందుకు? నేను రిటైరయ్యాను. మీరంతా కలిసి ఫొటో కూడా దిగారు," అంది ఆవిడ.

దాంతో కొత్త చిక్కు వచ్చిపడింది. రిటైర్మెంట్ చెల్లదు, సెలవు లేదు, మనిషి రావడం లేదు. అలాంటి ఉద్యోగికి గైర్హాజరైన రోజులు లెక్కకట్టి నెలనెలా నోటీసు ఇవ్వాలని నియమం. ఆ నోటీసు రాయవలసింది సిబ్బంది విభాగం సూపరింటెండెంటే. పోస్టులో పంపిస్తే చాలునని నియమంలో ఉంది. ఆయన చేత్తో తీసుకుని వెళతాడు. ఆవిడ చదివి, ముట్టినట్టు సంతకం చేసి, టీ ఇస్తుంది. మాటలు పాతరోజుల్లోలాగా సాగవు, ఇద్దరూ కిటికీ వైపు చూస్తూ తాగుతారు. మిగిలిన రోజుల్లో ఆయన పంపుహౌస్ గోదాములో బస్తాలు విప్పి రిజిస్టర్లు వెతుకుతుంటాడు.

మార్చి ఒకటి నుంచి డిసెంబర్ ముప్పై ఒకటి దాకా ఆవిడ గైర్హాజరు మొత్తం మూడువందల ఆరు రోజులు అవుతుంది. ఈ ఒక్క లెక్క ఆయన వేళ్ళ మీద వేసుకున్నాడు.